పోటునీటికి చోటేదీ? ఎన్నూరు ఉప్పుటేరు మారిపోయిన తీరు

చెన్నైకి ఉత్తరాన ఉన్న ఎన్నూరు సాధారణంగా ఏదైనా ప్రమాదం జరిగినప్పుడే వార్తల్లోకి వస్తుంది. 2017 జనవరి 28న కామరాజర్ రేవు బయట రెండు ఓడలు ఢీకొని చమురు ఒలికింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజుల్లోనే, మనలి పారిశ్రామిక ప్రాంతం నుంచి చమురు వరదనీటిలో కలిసి ఉప్పుటేరంతా నల్లగా పరుచుకుంది. అదే నెల 26 రాత్రి సముద్రం అడుగున వేసిన ఒక గొట్టం నుంచి అమ్మోనియా లీకై, చుట్టుపక్కల పల్లెల జనం చంటిబిడ్డలతో రోడ్ల మీదకు పరుగెత్తారు.

ఈ ప్రమాదాల తీవ్రతను నేను తగ్గించి చూపడం లేదు. అయినా ఎన్నూరు రొయ్యను, పీతను, పక్షిని ఎక్కువగా దెబ్బతీసింది ఇవి కావని నా నమ్మకం. పోటునీరు పరుచుకోవడానికి ఉన్న చోటు దశాబ్దాలుగా కొంచెం కొంచెంగా కుంచించుకుపోతూ వచ్చింది. అది ఒక్క రోజున జరిగింది కాదు కాబట్టి వార్త కాలేదు. ఏ ఒక్క సంస్థ వల్లనో జరిగింది కాదు కాబట్టి నేరమూ కాలేదు. ఉప్పుటేరు ఎలా పనిచేస్తుందో తెలిస్తే తప్ప ఆ నష్టం ఎంతటిదో అంతుపట్టదు.

కార్వేటినగరం, నగరి ప్రాంతాల్లో మనం కుశస్థలి అని పిలుచుకునే నదే తమిళనాట కొసస్థలై. కృష్ణాపురం జలాశయం గేట్లు ఎత్తితే ఆ నీరు తిరువళ్లూరు జిల్లాలో పూండి జలాశయం చేరుతుంది. తెలుగుగంగ కాలువలో వెళ్లే కృష్ణా జలాలు కూడా చేరేది ఆ పూండికే. పూండి నిండాక వదిలిన మిగులు నీరు ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడ నదికి అడ్డంగా ఉత్తర దక్షిణాలుగా బకింగ్‌హాం కాలువ ఉంది. 1806లో తవ్వకం మొదలై, పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సాగిన కాలువ ఇదే. దాని దక్షిణపు పాయ నగరంలోని మురుగును మోసుకొస్తుంది. ఉత్తరపు పాయ పర్ర నేలల (పోటు వేళ ఉప్పునీరు పరుచుకునే పల్లపు బీళ్ల) మీదుగా పులికాట్ సరస్సు దక్షిణ కొసను తాకుతుంది. నది, కాలువ, పర్ర, మడ చెట్లు, ఉప్పు మడులు, సముద్రపు మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) అన్నీ కలిస్తేనే ఎన్నూరు ఉప్పుటేరు. పటంలో నీలిగీతలా కనిపించేది అందులో చిన్న భాగం.

మొగను తెరిచి ఉంచేది ఎవరు?

చెన్నై తీరంలో నీరు పొంగే పోటుకూ, వెనక్కు తగ్గే పాటుకూ నీటిమట్టంలో తేడా పెద్ద తిథుల్లో కూడా సుమారు ఒక మీటరే. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో ఆ తేడా పది మీటర్ల దాకా ఉంటుంది. అంత బలమైన పోటు ఉన్నచోట మొగ పూడుతుందన్న బెంగ పెద్దగా ఉండదు. ఎన్నూరుకు ఆ బలం లేదు. ఉన్నదల్లా వైశాల్యమే. ఒక మీటరు పోటు అయినా వేల ఎకరాల పల్లపు నేల మీద పరుచుకుంటే లోపలికి వచ్చే నీరు అపారం. ఆరు గంటల తర్వాత ఆ నీరంతా ఒకే ఇరుకు మొగ గుండా తిరిగి సముద్రంలోకి దూసుకుపోవాలి. ఆ వేగమే మొగలో పేరుకున్న ఇసుకను ఊడ్చి బయటికి నెడుతుంది. ఒక పోటుకు లోపలికి వచ్చే నీరు ఎంత ఎక్కువైతే మొగ అంత పెద్దదిగా నిలుస్తుందన్న సూత్రం తీర ఇంజనీర్లకు 1930ల నుంచీ తెలిసినదే.

దీన్ని అంకెల్లో చూద్దాం. వంద ఎకరాల పర్ర ఉంది, పోటు వేళ దాని మీద సగటున అర మీటరు నీరు నిలుస్తుంది అనుకోండి. వంద ఎకరాలంటే సుమారు నాలుగు లక్షల చదరపు మీటర్లు. అంటే ఒక్క పోటుకు రెండు లక్షల ఘనపు మీటర్లు, ఇరవై కోట్ల లీటర్ల నీరు. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు. ఆ వంద ఎకరాలను మట్టి పోసి ఎత్తు చేస్తే, రోజుకు నలభై కోట్ల లీటర్ల నీరు మొగ గుండా వచ్చిపోవడం ఆగిపోతుంది. నేల పోయింది ఒడ్డున. ఫలితం కనిపించేది కిలోమీటర్ల అవతల మొగ దగ్గర, అదీ కొన్నేళ్ల తర్వాత. మొగ సన్నబడితే లోపలికి వచ్చే పోటు ఇంకా తగ్గుతుంది. పోటు తగ్గితే మొగ ఇంకా పూడుతుంది. ఈ చక్రం ఒకసారి మొదలైతే దానంతటది ఆగదు.

అందుకే ‘పనికిరాని పర్ర’ అన్న మాట వింటే నాకు బాధ కలుగుతుంది. పంట పండదు, నీడ లేదు, నడిస్తే కాలు దిగబడుతుంది, కనుక దేనికైనా ఇచ్చేయవచ్చు అనుకుంటారు. మొగను తెరిచి ఉంచేది ఆ పర్రేనని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇక ఇసుక సంగతి. తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళతాయి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో దిశ మారినా, ఏడాది మొత్తం మీద కదలిక ఉత్తరానికే. ఆ దారికి అడ్డంగా సముద్రంలోకి రాతిగోడ కడితే దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. 19వ శతాబ్దం చివర చెన్నై రేవు గోడలు కట్టాక దక్షిణాన మెరీనా ఇసుకతిన్నె పెరగడానికీ, ఉత్తరాన రాయపురం నుంచి ఎన్నూరు వైపు ఊళ్లు సముద్రంలో కలుస్తూ రావడానికీ కారణం ఇదే. విశాఖలో రేవు తవ్వకంలో తీసిన ఇసుకను రామకృష్ణా బీచ్ దగ్గర తిరిగి పోయవలసి రావడమూ దీనివల్లే. ఎన్నూరు మొగకు ఉత్తరాన 2001లో కామరాజర్ రేవు ప్రారంభమైంది. ఆ పైన కట్టుపల్లి రేవు వచ్చింది. ఉత్తరాన కట్టిన గోడకు దక్షిణం పక్కన ఇసుక చేరుతుంది. ఆ దక్షిణం పక్కనే ఉప్పుటేరు మొగ ఉంది. ఒకవైపు లోపలి నీటి బలం తగ్గుతుంటే, మరోవైపు బయటి నుంచి చేరే ఇసుక పెరిగింది.

బూడిద

ఏరు ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రాలు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. 1970లలో ఎన్నూరు కేంద్రం, 1990లలో ఉత్తర చెన్నై కేంద్రం, ఆ తర్వాత 1,500 మెగావాట్ల వల్లూరు కేంద్రం వచ్చాయి. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. నూరు టన్నులు కాలిస్తే ముప్ఫై నుంచి నలభై టన్నుల దాకా బూడిదే మిగులుతుంది. దాన్ని నీళ్లలో కలిపి గొట్టాల గుండా బూడిద చెరువులకు పంపుతారు. ఆ గొట్టాలు ఏరును దాటి వెళతాయి. తుప్పు పట్టిన గొట్టాలు ఏళ్ల తరబడి కారుతూ వచ్చాయి. బూడిద చెరువులు కట్టింది కూడా పల్లపు నేలల్లోనే.

ఏరు అడుగున ఉండే సహజమైన బురద మెత్తగా, సేంద్రియ పదార్థంతో నిండి, రంధ్రాలు రంధ్రాలుగా ఉంటుంది. పురుగులు, గుల్లలు, చిన్న పీతలు దాన్ని తొలుచుకుంటూ బతుకుతాయి. వాటి బొరియల గుండానే లోపలికి గాలి, నీరు అందుతాయి. దాని మీద బూడిద పొర పడితే రంధ్రాలు మూసుకుపోతాయి. బూడిదలో ఆహారం ఉండదు, ఆర్సెనిక్, సీసం, కాడ్మియం వంటివి మాత్రం ఉంటాయి. దీనికి తోడు ఏరు లోతు తగ్గుతుంది. పడవలు పాటు వేళ అడుగు తగిలి ఆగిపోతున్నాయని కాట్టుకుప్పం మత్స్యకారులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నది ఇందుకే. 2016లో ఒక మత్స్యకారుడు వేసిన కేసులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణాది ధర్మాసనం 2022 జులైలో తీర్పు ఇస్తూ, బూడిద కాలుష్యానికి విద్యుత్ సంస్థను బాధ్యురాలిగా నిలబెట్టి, ఏరును పునరుద్ధరించాలని ఆదేశించింది. ఒక సామాన్యుడి పట్టుదలకు దక్కిన ఈ తీర్పు నా దృష్టిలో చాలా విలువైనది.

విద్యుత్ కేంద్రాలు యంత్రాలను చల్లబరచడానికి వాడి వదిలే నీరు వేడిగా ఉంటుంది. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. అంతకుముందే మురుగు కలిసి ప్రాణవాయువు తగ్గిన చోట ఇది మరో భారం.

రొయ్య దారి

ఇప్పుడు ఇదంతా రొయ్య వైపు నుంచి చూడాలి. తెల్లరొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. గుడ్డు పొదిగి, రెండు మూడు వారాల్లో పలు రూపాలు మారాక, సెంటీమీటరు కూడా ఉండని పిల్ల తీరం చేరుతుంది. ఈదే శక్తి దానికి అంతంతమాత్రమే. పోటు వేళ నీటిలోకి లేచి, పాటు వేళ అడుగుకు అంటిపెట్టుకుని, పోటు ప్రవాహాన్నే ఆసరాగా చేసుకుని మొగ గుండా లోపలికి వస్తుంది. మడ వేళ్ల మధ్య, లోతులేని బురదలో కొన్ని నెలలు పెరిగి, మళ్లీ సముద్రంలోకి పోతుంది. మండపీత సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. పెరిగిన ఆడపీత గుడ్లు వదలడానికి బయటికి పోవాలి. పండుగప్ప, బొంత, పాలబొంత పిల్లలూ లోపలికి రావడానికి మొగ మీదనే ఆధారపడతాయి.

అంటే మొగ సరైన నెలల్లో తెరిచి లేకపోతే, లోపలి నీరు ఎంత శుభ్రంగా ఉన్నా ఆ ఏడు పంట లేదు. మొగ తెరిచి ఉండి, లోపల లోతులేని మడుగులు, మడ వేళ్లు పోతే వచ్చిన పిల్లకు తిండీ చాటూ లేవు. రెండూ ఉండి ఉప్పదనం తలకిందులైనా చిక్కే. మొగ మూసుకుంటే వేసవిలో నీరు ఆవిరై లోపల ఉప్పు సముద్రాన్ని మించిపోతుంది. వానల్లో వరద నిలిచి పూర్తిగా మంచినీరవుతుంది. ఈ రెండు కొసలనూ తట్టుకునే జీవులు తక్కువ. ఎన్నూరులో వలలో పడే రకాలు తగ్గిపోయాయంటే దానికి విషం ఒక్కటే కారణం కాదు. దారి, ఇల్లు, ఉప్పు మూడూ ఒకేసారి చెదిరాయి.

రొయ్యను చేతులతో తడిమి పట్టే ఇరుళర్ల గురించి ఇక్కడ చెప్పాలి. మన వైపు యానాదుల్లాగే వాళ్లూ నడుము లోతు నీటిలో బురదను వేళ్లతో వెతుకుతూ, పట్టిన రొయ్యను నోట కరిచిన బుట్టలో వేసుకుంటారు. పడవ లేదు, వల లేదు, పెట్టుబడి లేదు. బురద బూడిదగా మారితే అందరికంటే ముందు పూట గడవనిది వీళ్లకే. చమురు తేలినప్పుడు చర్మంతో దాన్ని మొదట తాకేదీ వీళ్లే. పరిహారాల జాబితాలు పడవల లెక్కతో మొదలవుతాయి కాబట్టి, పడవ లేనివాళ్ల నష్టం రుజువు చేసుకోవడం కష్టం.

ఇటీవలి సంవత్సరాల్లో మరో బెడద వచ్చిపడింది. మధ్య, దక్షిణ అమెరికా తీరాలకు చెందిన మైటెల్లా స్ట్రిగాటా అనే చిన్న నల్ల ఆల్చిప్ప ఎన్నూరు నుంచి పులికాట్ వైపు విస్తరిస్తోంది. ఓడలు బరువు కోసం నింపుకుని మరో రేవులో వదిలే నీటితోనో, ఓడ అడుగుకు అంటుకునో ఇలాంటివి ఖండాలు దాటుతాయి. ఉప్పదనం బాగా మారినా ఇది తట్టుకుంటుంది, వేగంగా గుడ్లు పెడుతుంది, దారపు పోగులతో ఒకదానికొకటి పెనవేసుకుని ఏరు అడుగంతా చాపలా కప్పేస్తుంది. రొయ్య పగలు బురదలో దూరి దాక్కుంటుంది. ఆ చాప పరిచాక దూరడానికి బురద దొరకదు. స్థానిక గుల్లలు, పచ్చ ఆల్చిప్పలు ఊపిరాడక పోతాయి. ఈ ఆల్చిప్పను తవ్వి తీయాల్సిందే, అయితే తీసిన చోట మళ్లీ పెరుగుతుంది. ఉప్పు, లోతు, ప్రవాహం చెదిరిన ఏరులో ఇలాంటి అతిథికి పోటీ తక్కువ. పోటునీరు తగ్గడమూ ఈ దండయాత్రా వేరువేరు సమస్యలని నేను అనుకోవడం లేదు.

పక్షుల విషయం కొంచెం భిన్నం. మధ్య ఆసియా నుంచి, సైబీరియా నుంచి చలికాలంలో వచ్చే ఉల్లంకుల వంటి ఒడ్డు పక్షులు పాటు వేళ బయటపడిన బురదలో ముక్కు గుచ్చి పురుగులు తింటాయి. పోటు వచ్చి బురద మునిగితే, దగ్గరలో తడి ఆరని, చెట్లు లేని, కనుచూపు మేర ఖాళీగా ఉండే చోట ఆగుతాయి. పాత ఉప్పు మడులు వాటికి ఆ చోటు. తిండి తినే నేల ఒకటి, ఆగే నేల ఒకటి. రెంటిలో ఏది పోయినా పక్షి వెళ్లిపోతుంది. ‘మడ అడవిని ముట్టుకోలేదు, ఉప్పు మడులనే తీసుకున్నాం’ అని నివేదికలో రాస్తే వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఉల్లంకికి కావలసింది సరిగ్గా ఆ ఉప్పు మడే. ఇక 2023 డిసెంబరులో రెక్కలకు చమురు అంటిన గూడబాతుల ఫోటోలు దేశమంతా చూసింది. చమురు అంటిన ఈకలు నీటిని ఆపలేవు, పక్షి తడిసి చలికి నీరసిస్తుంది, ముక్కుతో శుభ్రం చేసుకుంటూ చమురు మింగుతుంది. ఆ రోజుల తర్వాత నీటి మీద తెట్టు పోయింది. గాలి అందని బురదలోకి ఇంకిన చమురు మాత్రం ఏళ్ల తరబడి విచ్ఛిన్నం కాదు.

కాగితం మీద ఏరు

ఇంత జరుగుతుంటే చట్టం లేదా అంటే ఉంది. 1991 ఫిబ్రవరిలో కేంద్రం తీరంలో నిర్మాణాలకు హద్దులు పెట్టే తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) ప్రకటన తెచ్చింది. సముద్రపు పోటు ప్రభావం ఉన్న ఏర్లు, పాయలు కూడా దాని కిందికి వస్తాయి. ఏడాదిలో అన్నిటికంటే పొడి కాలంలో లీటరు నీటిలో అయిదు గ్రాముల ఉప్పు ఎంతవరకు కనిపిస్తే అంతవరకు పోటు హద్దు అని కొలత కూడా ఉంది. 1996లో తమిళనాడు తీరానికి కేంద్రం ఆమోదించిన పటంలో ఎన్నూరు ఉప్పుటేరు, దాని పర్రలు నిర్మాణాలు నిషిద్ధమైన భాగంగా ఉన్నాయి. తర్వాతి పటాల్లో వాటిలో పెద్ద భాగం కనిపించకుండా పోయిందని, సమాచార హక్కు కింద తీసిన పత్రాలను చూపి మత్స్యకారులు, కార్యకర్తలు 2017లో బయటపెట్టారు. ఏ పటం చెల్లుతుందన్న వివాదం కోర్టుల దాకా వెళ్లింది. నేల మీద ఏరు మారకముందే కాగితం మీద మారితే, ఆ తర్వాత పోసే ప్రతి లారీ మట్టీ చట్టబద్ధంగా కనిపిస్తుంది.

నిబంధనలూ సడలాయి. ఇలాంటి ఏర్ల ఒడ్డున వదలాల్సిన దూరం 2011 ప్రకటనలో 100 మీటర్లు లేదా ఏరు వెడల్పు, వాటిలో ఏది తక్కువైతే అది. 2019 జనవరిలో వెలువడిన ప్రకటనలో ఆ 100 కాస్తా 50 అయింది.

నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా తోచేది వేరు. అనుమతులు ప్రాజెక్టు వారీగా ఇస్తారు. రేవు తన నివేదిక తాను ఇస్తుంది, విద్యుత్ కేంద్రం తనది, బొగ్గు కన్వేయర్ తనది, విద్యుత్ టవర్లు తమవి. ప్రతి నివేదికా తన ప్రభావం స్వల్పమని చెబుతుంది, విడిగా చూస్తే చాలాసార్లు అది అబద్ధం కూడా కాదు. అన్నీ కలిసి ఒక పోటుకు ఎన్ని కోట్ల లీటర్ల నీటిని బయట ఉంచేశాయన్న లెక్క మాత్రం ఏ ఒక్క నివేదిక బాధ్యతా కాదు. ఏరు స్పందించేది ఆ మొత్తానికే.

దీని ధర నగరమూ చెల్లిస్తుంది. పూండి మిగులు నీరు, పుళల్ చెరువు మిగులు నీరు, బకింగ్‌హాం కాలువ నీరు అన్నీ చేరాల్సింది ఈ మొగకే. పర్రలు ఖాళీగా ఉన్నప్పుడు పోటు వేళ వచ్చిన వరద అక్కడ కొన్ని గంటలు ఆగి, పాటు వేళ దిగిపోయేది. అవి ఎత్తైన ప్లాట్లుగా మారాక వరద ఆగే చోటు జనావాసాలే.

బాగుచేయడం అంటే ఏమిటి?

నష్టపరిహారంగా మడ మొక్కలు నాటుతామని ప్రతి ప్రాజెక్టూ హామీ ఇస్తుంది. మడ చెట్టు మీద గౌరవంతోనే చెబుతున్నాను, నీరు వచ్చి పోని చోట నాటిన మొక్క బతకదు. బతికే చోట, అంటే పాటు వేళ తేలే బురదలో నాటితే ఉల్లంకుల తిండి నేల పోతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, గ్రామస్థులతో కలిసి చేసిన పని వేరు. చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ఉప్పు తేలి బీడుపడ్డ మడ నేలల్లోకి ముందు పోటునీటిని రప్పించారు. మొక్కలు నాటడం ఆ తర్వాత. తమిళనాడులోని పిచ్చావరంలోనూ అదే పద్ధతి ఫలించింది.

ఎన్నూరుకూ వరుస అదే కావాలి. తవ్వి మొగను తెరవడం, దాని ఇరువైపులా రాతి గట్లు కట్టడం అవసరమే, ఆ పనులు చేపట్టారు కూడా. అయితే లోపల పోటు విస్తరించే నేల తిరిగి రాకపోతే మొగ మళ్లీ పూడుతుంది, మళ్లీ తవ్వాలి. ముందుగా వాడకంలో లేని బూడిదను ఎత్తి పల్లం చేయాలి. పనులు పూర్తయ్యాక వదిలేసిన తాత్కాలిక గట్లు, మట్టి దారులు తీసేయాలి. రోడ్ల కింద సన్న తూముల బదులు వంతెనలు ఉండాలి. వీటిలో ఏదీ సాంకేతికంగా కొత్తది కాదు.

పెద్ద నిర్ణయం ఇంకా ముందుంది. సుమారు 330 ఎకరాల కట్టుపల్లి రేవును 6,100 ఎకరాలకు పైగా విస్తరించాలన్న ప్రతిపాదన మీద ప్రజాభిప్రాయ సేకరణ ఒకటికి రెండుసార్లు వాయిదా పడింది. ఆ రేవు ఉన్నది ఒకవైపు సముద్రం, మరోవైపు ఎన్నూరును పులికాట్‌తో కలిపే పాయ ఉన్న సన్నని ఇసుక పట్టీ మీద. పులికాట్‌లో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌ది. మన వైపు రాయదొరువు, కొండూరుపాలెం మొగలు పూడి, తడ, సూళ్లూరుపేట మండలాల మత్స్యకారులు తెరిపించమని ఏళ్లుగా అడుగుతున్నారు. ఉత్తరపు మొగలు పూడినప్పుడు సరస్సుకు దక్షిణం నుంచి వచ్చే ఉప్పునీరే ఆధారం. ఇలాంటి ప్రాజెక్టుల ప్రభావ అధ్యయనం సాధారణంగా చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో జరుగుతుంది. ప్రజాభిప్రాయ సేకరణ ప్రాజెక్టు ఉన్న జిల్లాలోనే, అంటే తిరువళ్లూరులోనే జరుగుతుంది. ప్రస్తుత పద్ధతి ప్రకారం తడ మత్స్యకారుడికి ఆ సభ నుంచి పిలుపు రాదు.